తరిగొండ వెంగమాంబ అక్షరకైంకర్యము

కావ్యారంభమున కవి తన అల్పత్వమును చెప్పుకొనుట మన సాహిత్యమున చిరకాలముగా వచ్చుచున్న మర్యాద. రఘువంశమును ప్రారంభించుచు కాళిదాసంతటివాడు తాను మందబుద్ధినని, చిన్న తెప్పపై మహాసముద్రమును దాటగోరుచున్నానని చెప్పుకొన్నాడు. రామాయణమును తెలిగించిన ఆతుకూరి మొల్ల తనకు శాస్త్రపాండిత్యము లేదని ముందుగనే విన్నవించుకొన్నది. పాఠకులమైన మనము ఈ మాటలను చదివి చిఱునవ్వుతో ముందునకు సాగిపోవుదుము. ధాన్యపు గాదెలు నిండియున్న గృహస్థుడు తాను పేదవాడనని చెప్పినచో ఎవ్వరు నమ్ముదురు? అది వినయము, సభామర్యాద, అంతకు మించి దానిని విచారింప బనిలేదని తలంతుము.

అట్టి మాటయే ఒకచోట నన్ను చాల దినములు ముందునకు సాగనీయక నిలిపివైచినది. అది తరిగొండ వెంగమాంబ శ్రీ వేంకటాచల మాహాత్మ్యమునకు వ్రాసికొన్న అవతారిక. చిన్ననాడు ఆచార్యుల యెదుట గూర్చుండి ఓనమాలైనను నేర్వలేదని, ఛందోబద్ధములైన పద్యములను చదువలేదని, నాటకాలంకార శాస్త్రములు చెవులారనైనను వినలేదని, పూర్వపు కావ్యములను పురాణములను తెప్పించి శోధింపలేదని ఆమె చెప్పుకొన్నది. తరిగొండ నృసింహుడు తన జిహ్వపై నిలిచి పలికించినట్లు పలుకుచున్నానే గాని తనకు నేర్పెక్కడిదని ముగించినది. ఇది వినయమా? యథార్థమా? యథార్థమైనచో ఇంతటి లేమిని ఎఱిగిన మనిషి గంటము పట్టుటకు ధైర్యమెట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము ఆమె జీవితమునందే వెదకవలసి యున్నది.

వెంగమాంబ క్రీ.శ. 1730 ప్రాంతమున, గుఱ్ఱంకొండకు చేరువనున్న తరిగొండ గ్రామమున జన్మించెను. నందవరీక బ్రాహ్మణులైన కానాల కృష్ణయ్య, మంగమాంబ ఆమె తల్లిదండ్రులు. ఆ యూరి దైవము లక్ష్మీనృసింహస్వామి. పూర్వము ఒక ఇల్లాలు పెరుగు చిలుకుచుండగా తరికుండలో కవ్వమునకు స్వామి శిలారూపమున తగిలెనని, తరికుండయే తరిగొండ యయ్యెనని స్థలపురాణము. వైశాఖ శుద్ధ చతుర్దశి, అనగా నృసింహ జయంతి దినము, ఆమె జన్మదినముగా నేటికిని పాటింపబడుచున్నది.

బాల్యముననే ఆమెకు దేవుని గుడియే ఆటస్థలమైనదని పెద్దలు చెప్పుదురు. తోడిపిల్లలతో కలియక, తనలో తాను పాడుకొనుచు, కూర్చున్నచోటనే మైమఱచు ఆ బిడ్డను చూచి ఊరివారు పిచ్చిదన్నారట. ఆనాటి ఆచారము ప్రకారము తండ్రి ఆమెకు బాల్యముననే వివాహము చేసెను. వరుడు ఇంజేటి వారి వంశీయుడైన వేంకటాచలపతి. ఆయన అచిరకాలముననే గతించుటచే, సంసారమన నేమో తెలియకముందే ఆ బాలిక వితంతువయ్యెను. ఆ తరువాత తండ్రి ఆమెను మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి గారి సన్నిధికి చేర్చెను. ఆయన యోగవేదాంతములు ఎఱిగిన మహనీయుడు. ఆయనను గురువుగా వెంగమాంబ భక్తితో స్మరించుకొన్నది.

పాఠక మహాశయులకు ఇచట ఒక సందేహము కలుగక మానదు. గురువును స్మరించిన ఆమెయే గురువుల యెదుట చదువలేదనుట ఎట్లు పొసగును? నాకు తోచిన సమాధానమిది. సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ఆమెకు ఉపదేశించినది యోగమార్గము, వేదాంతార్థము. వీధిబడిలో ఇసుకపై వ్రేలు పట్టించి దిద్దించు అక్షరాభ్యాసము వేఱు. గణములు లెక్కించి, యతిస్థానములు గుర్తింపజేసి, తప్పినచో చెవి మెలిపెట్టి నేర్పు ఛందోవిద్య వేఱు. మోక్షమునకు దారి చూపిన గురువు ఆమెకు లభించెను. పద్యమునకు దారి చూపిన గురువు లభింపలేదు. కనుక అవతారికలోని మాట అబద్ధము కాదు. అందులోని విషయమును బట్టి చూచినచో మాటకు మాట సరిపోవుచున్నది.

వితంతువైన స్త్రీ కేశములు తీయించుకొనవలెనని ఆనాటి కట్టుబాటు. ఆమె అందుకు సమ్మతింపలేదు. శ్రీహరియే తన భర్త యని, తాను నిత్యసుమంగళినని ఆమె భావము. ఊరివారు ఆమెను వెలివేసినంత పనిచేసిరి. ఒక పీఠాధిపతి ఆ గ్రామమునకు విచ్చేసినప్పుడు ఆమెను పిలిపించి నమస్కరింపుమనగా, ఆసనమునుండి దిగుడని ఆయనను ప్రార్థించి, ఖాళీగానున్న ఆ ఆసనమునకు ఆమె నమస్కరించెనని, అది వెంటనే దగ్ధమయ్యెనని ఒక కథ ప్రచారమున నున్నది. కథను కథగానే స్వీకరింతము. ఆసనము కాలెనో లేదో గాని, ఒంటరియైన ఒక ఆడుబిడ్డ పదిమంది పెద్దల నడుమ నిలువబడి తన నిశ్చయమును విడువలేదన్నది మాత్రము స్పష్టము. నాకు ఆ నిప్పుకంటె ఈ నిలుకడయే గొప్పగా తోచుచున్నది.

ఇట్టి స్థితిలో ఆమె మొట్టమొదట చేపట్టిన రచనలలో ఒకటి తరిగొండ నృసింహ శతకము. మన పూర్వులు శతకమను ప్రక్రియను ఎంత దయతో కల్పించిరో ఆలోచింపుడు. ప్రబంధమునకు సభ కావలెను, కృతిభర్త కావలెను, వినిపించునపుడు తలయూపు పండితులు కావలెను. శతకమునకు ఇవి యేమియు అక్కఱలేదు. నూఱు పద్యములు, లేదా నూటయెనిమిది. ప్రతి పద్యము చివర ఒకే మకుటము. వినువాడు ఆ మకుటములో నున్న దేవు డొక్కడే. ఆయన తప్పులు పట్టడు. మనుష్యులెవ్వరును వినుటకు సిద్ధముగా లేని కాలమున ఆమె వినువానిని ముందుగా నిర్ణయించుకొని పిదప మాట ప్రారంభించినది. నేను గమనించినంతవఱకు ఆమె రచనాజీవిత మంతటికిని ఇదియే మూలసూత్రము.

తరువాత నృసింహవిలాస కథ, శివనాటకము, బాలకృష్ణ నాటకము వచ్చినవి. ఇవి యక్షగానములు. దరువులు, ద్విపదలు, వచనములు కలిసి పాడుటకును ఆడుటకును అనువైనవి. యక్షగానమును పండితులు చాలకాలము పెద్ద పీట వేసి గౌరవింపలేదు. కాని నాగలి దున్ని వచ్చిన రైతు, పాలు పితికి వచ్చిన గొల్లవనిత రాత్రివేళ చావడిముందు కూర్చుండి కథ యంతయు విని అర్థము చేసికొనగలిగినది ఆ యక్షగానము వలననే గదా! శాస్త్రము తెలియదని చెప్పుకొన్న కవయిత్రి, శాస్త్రము తెలియని శ్రోతలకు పనికివచ్చు రచనను ఎంచుకొన్నది. తనకు లేనిదానికై విలపించుచు కూర్చుండక ఉన్నదానితో పని ప్రారంభించుట యన నిదియే.

రాజయోగామృతసారమును ఆమె ద్విపదలో వ్రాసెను. ద్విపద అనగా రెండే పాదములు. ఒక్కొక్క పాదమున మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మూడవ గణపు మొదటి అక్షరమున యతి. రెండు పాదములకును ప్రాస. ఇంతే లక్షణము. పాల్కురికి సోమనాథుడు శివభక్తుల చరిత్రలను ఈ ఛందస్సుననే పాడినాడు. రంగనాథ రామాయణము ద్విపదయే. ఉత్పలమాల, చంపకమాలల ముందు నిలిచి భయపడువానికి ద్విపద ఇంటివాకిలి వంటిది. తలుపు ఎత్తు తక్కువ. కాని లోపలికి పోయినచో ఇల్లు విశాలము. రెండు పాదములు కుదిరినచో మఱి రెండు. అట్లే యోగశాస్త్ర మంతయు అందులో ఇమిడిపోయినది.

ఇచట ఆనాటి వ్రాతపనిని గూర్చి ఒక మాట చెప్పవలెను. నేటివలె కాగితము, సిరా చేతికందుబాటులో లేవు. తాటియాకులను ఎండించి, మెత్తపఱచి, ఒక్క కొలతకు కత్తిరించి, గంటముతో గీయవలెను. గీయుచున్నప్పుడు అక్షరము సరిగా కంటికానదు. ఆకు రంగులోనే గీత కలిసిపోవును. వ్రాయుట ముగిసిన పిమ్మట దీపపు మసియో ఆకుపసరో పూసి తుడిచినప్పుడు గీతలలో నలుపు నిలిచి అక్షరములు పైకి తేలును. అంతవఱకు వ్రాయువాడు తాను వ్రాసినది తాను సరిగా చూడకయే సాగిపోవలెను. తప్పు దొరలినచో చెఱపుటకు వీలులేదు. పసితనమున ఒక పాతగ్రంథము ప్రతి తీయుటలో పెద్దలకు సహాయము చేయుచు నేనీ పనిని కన్నులార చూచియున్నాను. మసి పూయు క్షణమున చుట్టునున్నవారందఱము ఊపిరి బిగబట్టి చూచెడివారము.

తరిగొండలో ఆమె ధ్యానమునకు ఎంచుకొన్న చోటు నృసింహాలయములోని ఆంజనేయస్వామి విగ్రహపు వెనుకభాగము. ఎవరి కంటను పడక గంటల తరబడి అచట యోగమున నుండెడిదని, ఒకనాడు అర్చకుడు చూచి కోపించి అవమానించి వెలుపలికి పంపెనని చెప్పుదురు. పుట్టినయూరిలో దేవుని వెనుక నీడలో కూర్చుండుటకును తావు లేకపోయినది. ఆమె తరిగొండను విడిచి తిరుమల కొండ యెక్కెను. నృసింహుడే వేంకటేశ్వరుడన్న విశ్వాసము ఆమెకు ముందునుండియు కలదు. కనుకనే తిరుమలలో వ్రాసిన కృతులలో గూడ తరిగొండ నృహరి నామము విడువలేదు.

తిరుమలలో హథీరాంజీ మఠపు మహంతు, తాళ్ళపాక వంశీయులు ఆమెకు వసతి కల్పించి ఆదరించిరని ప్రతీతి. పుట్టినయూరి వారికంటె పరాయివారు దయగలవారైరి. అయితే, ఆ యాదరమునందే ఒక కొత్త పరీక్ష దాగియున్నదని నా యూహ. తాళ్ళపాక వారనగా సామాన్యులా? అన్నమాచార్యులు ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించెనని ప్రసిద్ధి. ఆయన కీర్తనలు రాగిరేకులకెక్కి ఆలయమున భద్రపఱుపబడినవి. ఆయన సహధర్మచారిణి తిమ్మక్క సుభద్రాకల్యాణమును రచించిన కవయిత్రి. కుమారుడు పెదతిరుమలాచార్యులు, మనుమడు చినతిరుమలాచార్యులు కూడ వాగ్గేయకారులు. అట్టి ఇంటివారి నీడలో, అట్టి స్వామి సన్నిధిలో, మఱియొకరు క్రొత్తగా పాడవలసినదేమి మిగిలియున్నది?

వ్రాయగోరువానిని పట్టి నిలుపు శంకలలో ఇది అన్నిటికంటె బలమైనదని నేననుకొందును. చేతకాదన్న శంక అభ్యాసముతో కొంత తగ్గును. ముందే పెద్దలు చెప్పియున్నారన్న శంక అభ్యాసముతో పెరుగును. ఎంత చదివిన అంత పెరుగును. పోతనామాత్యుని భాగవతము ఇంటింట నుండగా వెంగమాంబ ద్విపదలో భాగవతమును వ్రాయ బూనెను. మూడు శతాబ్దములకు పైబడిన పూర్వమే మడికి సింగన వాసిష్ఠ రామాయణమును తెలుగున రచించియుండగా ఆమె దానిని మఱల ద్విపదగా రచించెను. ఆ మహాకవులతో పోటీయనునది ఆమెకు స్ఫురించియే యుండదు. ఆలయధర్మము తెలిసినవారికి ఇది వింత కాదు. నిన్న రాత్రి ఇచ్చిన హారతి నేటి రాత్రికి చెల్లదు. నిన్నటి యర్చకుడు నేటివానికంటె గొప్పవాడైనను సరే, నేటి హారతి నేడీయవలసినదే. ఆమె కావ్యరచనను కైంకర్యముగా ఎంచినది గాని కీర్తికి సోపానముగా ఎంచలేదు. కైంకర్యములో ముందువారు చేసినారు గదా యన్న ప్రశ్నయే పుట్టదు.

వాసిష్ఠమును గుఱించి చెప్పుచున్నాను గనుక ఒక ముచ్చట. యోగవాసిష్ఠ మూలమున చూడాలోపాఖ్యానము కలదు. శిఖిధ్వజుడను రాజు భార్యయైన చూడాల ఆత్మజ్ఞానమును పొందినది. ఆ జ్ఞానమును భర్తకు చెప్పబోగా, స్త్రీ మాటయని ఆయన లెక్కపెట్టలేదు. సర్వము త్యజించి అడవికి పోయినాడు. ఆమె కుంభుడను బ్రాహ్మణకుమారుని రూపము ధరించి అడవికేగి అదే జ్ఞానమును ఉపదేశింపగా ఆయన చేతులు జోడించి విన్నాడు! జ్ఞానము మాఱలేదు, చెప్పిన రూపు మాత్రము మాఱినది. ఈ గ్రంథమును తెలుగు చేయుటకు వెంగమాంబ ఏల పూనుకొన్నదో మనము ఊహించుకొనవచ్చును. ఆమెకు మాత్రము రూపు మార్చుకొనవలసిన పని కలుగలేదు. వెంగమ్మగానే వ్రాసి, వెంగమ్మ పేరుతోనే లోకమునకు అందించినది.

తిరుమలలో కూడ ఆమెకు బాధలు తప్పలేదు. ఇరుగుపొరుగువారి వేధింపులకు ఓర్వలేక, లేదా ఏకాంతమును కోరి, ఆమె తుంబురుకోనకు వెడలిపోయెను. అది సామాన్యమైన చోటు కాదు. నేటికిని ఫాల్గుణ పూర్ణిమనాడు తుంబురుతీర్థ ముక్కోటికి పోవు యాత్రికులు రాళ్ళు, వాగులు, దట్టమైన చెట్లు దాటి కాలినడకన పోవలసినదే. అచట ఆమె కొన్ని సంవత్సరములు తపస్సులో గడపెను. ఆ కాలమున ఏమి వ్రాసెనో చెప్పుటకు ఆధారము లేదు. తిరిగి వచ్చిన పిమ్మటనే ఆమె రచనలలో అధికభాగము వెలువడినవి: విష్ణుపారిజాతము, రమాపరిణయము, చెంచునాటకము, రుక్మిణీనాటకము, గోపికానాటకము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము, కృష్ణమంజరి, తత్త్వకీర్తనలు, భాగవతము, వాసిష్ఠ రామాయణము, వేంకటాచల మాహాత్మ్యము, అష్టాంగయోగసారము. మౌనముగా గడచిన ఏండ్లను వృథాగా పోయిన ఏండ్లని లెక్కించుట మన తొందరపాటు. విత్తనము నేలలోనున్న దినములను రైతు అట్లు లెక్కింపడు.

ఇక వేంకటాచల మాహాత్మ్యమును గూర్చి. వరాహ, భవిష్యోత్తరాది పురాణములలో సంస్కృతమున నున్న కథలను గ్రహించి ఆమె రచించిన పద్యకావ్యమిది. ఆదివరాహస్వామి వృత్తాంతము, శ్రీనివాసుడు పుట్టలో నుండుట, వకుళమాలిక ఆదరణ, ఆకాశరాజ పుత్రికయైన పద్మావతితో వివాహము, కుబేరుని ఋణము - ఈ కథలను తెలుగునాట ఎఱుగనివారు లేరు. పురాణశ్రవణమునకు సంస్కృతజ్ఞుడు దొరకని పల్లెలలో గూడ ఈ కథలు ఇల్లిల్లు చేరుటకు కారకులైన వారిలో వెంగమాంబ అగ్రగణ్య. నా యెఱుకలో ఎందఱో గృహిణులు శనివార వ్రతమునాడు ఈ గ్రంథమును పారాయణము చేయుచుండెడివారు. వారిలో కొందఱికి రచయిత్రి పేరు కూడ తెలియదు. అది దేవుని కథ, అంతే.

ఇట్టి గ్రంథమునకు ముందున్నది పైని చెప్పిన ఆ అవతారిక. ఇచట గమనింపవలసిన విశేషమొకటి యున్నది. ఆ మాటలు ఆమె తొలి రచనలోనివి కావు. అప్పటికే శతకము వ్రాసినది, యక్షగానములు వ్రాసినది, రాజయోగమును ద్విపదలో పొదిగినది. చేయి తిరిగిన కవయిత్రి. అయినను తనకేమియు రాదన్న మాట పోలేదు. మొదట సందేహముండును, పది గ్రంథములు వ్రాసినచో అది తొలగిపోవును, అటుపిమ్మట నిశ్చింతగా వ్రాసికొనవచ్చునని మనవంటివారు ఆశపడుదుము. వెంగమాంబ జీవితము ఆ యాశకు తావీయదు. సందేహము ఆమెతో కూడ తరిగొండ నుండి తిరుమలకు, తిరుమల నుండి తుంబురుకోనకు వచ్చి, పెద్ద కావ్యపు గడపమీద కూర్చున్నది. ఆమె దానిని తరిమివేయుటకు ప్రయత్నింపలేదు. అవతారికలో దానికొక పీట వేసి కూర్చుండబెట్టి, తాను కథలోనికి వెళ్ళిపోయినది.

ఇంకొకటి. పండితుడు తనకేమియు తెలియదన్నచో వినువారు కాదు కాదని అందురు. ఈమె తనకేమియు తెలియదన్నచో ఔను ఔననువారే చుట్టునున్నారు. చదువులేని విధవ, ఆచారము తప్పినది, ఈమెకు పురాణమేమి పద్యమేమి యన్నది లోకము అప్పటికే అనుచున్న మాట. ఆ మాటను ఆమె వారి నోటినుండి తీసికొని తన నోటనే ముందుగా పలికినది. ఇక వారికి అనుటకేమి మిగిలినది? ఇందులో వినయముతో పాటు కొంత చమత్కారము, కొంత ధిక్కారము కూడ నున్నవని నేను తలంతును. పెద్దలు నన్ను మన్నింతురుగాక.

శాస్త్రదృష్టితో గూడ కొంచెము చూతము. శాస్త్రగ్రంథములకు విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యని అనుబంధచతుష్టయము చెప్పుదురు. అందు అధికారి యనగా ఆ గ్రంథమును చదువదగినవాడు. వ్రాయదగినవాడెవ్వడో అందు చెప్పియుండలేదు. కావ్యమునకు హేతువేమి యన్న విచారణలో మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడింటిని పేర్కొని, మూడును కలిసి ఒక్కటే హేతువన్నాడు. శక్తి యనగా పుట్టుకతో వచ్చిన ప్రతిభ. నిపుణత లోకశాస్త్రకావ్య పరిశీలనము వలన కలుగునది. అభ్యాసము తెలిసినవారి శిక్షణలో చేయునది. వెంగమాంబ అవతారికలో తనకు లేవన్నవి ఈ మూడింటిలో చివరి రెండు. మొదటిదానిని ఆమె తనదని చెప్పుకొనలేదు, నృసింహునిదన్నది. దండి ఈ విషయమున మఱికొంత దయ చూపినాడు. సహజప్రతిభ కొఱవడినను చదువుతో, శ్రమతో సేవించువానిని వాగ్దేవి బొత్తుగా విడిచిపెట్టదని ఆయన యభిప్రాయము. ఆలంకారికులు ఒకరి నొకరు ఖండించుకొన్నను, చేతులు ముడుచుకొని కూర్చుండుమని చెప్పినవాడు వారిలో ఒక్కడును లేడు.

నేను పాఠశాలలో శబ్దమంజరి, అమరము, రఘువంశము, కౌముది యన్న క్రమమున చదువుకొన్నవాడను. ఆ క్రమశిక్షణ విలువ నాకు తెలియును. దానివలన కలుగు బెదురు కూడ తెలియును. వాక్యము వ్రాయుచున్నంత సేపు వెనుక గురువుగారు దగ్గినట్లుండును. మాతో చదివినవారిలో మహామేధావులు, ఏ సూత్రమడిగినను నిద్రలోనైనను చెప్పగలవారు, ఒక్క గ్రంథమైనను వ్రాయక గతించిరి. తప్పు దొరలునేమో యన్న భయమే వారిని నిలిపినది. వారు ఒక్క తప్పును వ్రాయలేదు. ఒప్పును గూడ వ్రాయలేదు. వారు చదివిన చదువు వారితోనే పోయినదని తలచుకొన్నప్పుడెల్ల నాకు మనసు కలుక్కుమనును.

ఉద్యోగవిరమణానంతరము నా యొద్దకు అప్పుడప్పుడు కొందఱు వ్రాతపుస్తకములు పట్టుకొని వచ్చుచుందురు. రైల్వేలో పనిచేసి విరమించినవారు, పిల్లల పెండ్లిండ్లు చేసి తీరిక చిక్కిన ఇల్లాండ్రు. స్వామిమీద పాటలో పద్యములో వ్రాసికొని యుందురు. మొదటి పది పుటలు నిండియుండును, తరువాతవి ఖాళీ. ఏల నిలిపితిరని అడిగినచో అందఱి సమాధానము ఒక్కటే: మాకర్హత లేదేమో యని. యతి తప్పినచోట నేను తప్పక గీత గీయుదును. అది నా ధర్మము. అటుపిమ్మట వెంగమాంబ అవతారికను తెఱచి వారి చేతికిచ్చెదను. కొందఱు మఱల వచ్చినారు, కొందఱు రాలేదు.

ఆమె రచనలలో దోషములు లేవా యని విమర్శకు లడుగవచ్చును. ప్రౌఢప్రబంధ కవుల బిగి ఆమె పద్యములందు వెదకుట న్యాయము కాదు. యక్షగానములలో వాడుకమాటలు ధారాళముగా వచ్చినవి. అల్లసాని వారి అల్లిక కావలసినవారు అల్లసాని వారినే చదువుకొనవలెను. ఈమె యొద్దనున్నది వేఱు: ఎక్కడను తడబడక సాగు కథ, వినువాని చేయి విడువని మాట, భక్తితో పాటు నడచు యోగజ్ఞానము. పదునెనిమిదింటి వఱకు కృతులు ఆమె పేర లెక్కకు వచ్చుచున్నవి. ఒక జన్మమునకు ఇది తక్కువ పని కాదు.

తిరుమలలో ఆమె యాత్రికుల ఆకలిని గూడ చూచినది. నృసింహ జయంతి సందర్భమున అన్నదానము జరిపించుచుండెడిదని చెప్పుదురు. తిరుమలలో 2011లో ప్రారంభమైన పెద్ద అన్నప్రసాద భవనమునకు దేవస్థానమువారు ఆమె పేరే పెట్టిరి. ఆ విస్తళ్ళముందు కూర్చున్న వేలాది భక్తులలో, ఆ పేరుగల తల్లి కావ్యములు వ్రాసెనని ఎఱిగినవారెందఱో నేను చెప్పలేను. స్వామివారికి ఆమె ఇచ్చు హారతిని గూర్చియు ఒక కథ కలదు. బ్రహ్మోత్సవమున రథము ఆమె ఇంటిముందు ఆగక సాగిపోబోగా, ఎందఱు లాగినను కదలలేదట. ఆమెను పిలిచి హారతి ఇప్పించిన పిమ్మటనే కదలినదట. లోకము ఆమెకు చేసిన అన్యాయములను లోకమే కథలతో సరిదిద్దుకొన్నదేమో!

క్రీ.శ. 1817లో, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు వెంగమాంబ తిరుమలలో సమాధి చెందెను. అప్పటికి ఆమె వయస్సు ఎనుబది యేడేండ్ల ప్రాంతము. ఆమె బృందావనము తిరుమలలో నేటికిని దర్శనీయమై యున్నది. ఏటేట ఆ తిథినాడు వర్ధంత్యుత్సవము జరుగుచున్నది. ఆనందనిలయమున ప్రతిరాత్రి ఏకాంతసేవలో అన్నమయ్య జోలపాట ముగిసిన తరువాత వెంగమాంబ పేర ముత్యాలహారతి ఇత్తురు. తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి యని కొండమీద నానుడి. ఆ హారతి యైన పిమ్మట సన్నిధి తలుపులు మూయుదురు.